మన కోనసీమలో హాట్ ఎయిర్ బెలూన్ ఎందుకు వదలరు?

లంక కుర్రోడు:
ఏవండీ ఓ డౌటు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పక్క టౌన్లో బెలూన్ పెట్టారంటే పిల్లల్ని తీసుకెళ్ళా, తీరా చూస్తే తాళ్ళు కట్టేసి ఓ తాటిచెట్టంత లేపి అయిదు నిమిషాల్లో దింపేశారు, బర్నర్ భగ్గుమన్నప్పుడల్లా మాడు కాలిపోతోంది, మా చిన్నోడైతే దిగేదాకా నా చొక్కా వదల్లేదు. కానీ ఆ కాస్త ఎత్తు నుంచే కొబ్బరి మట్టల మీదుగా గోదారి పాయ తళతళా కనపడింది చూడండీ, అప్పట్నుంచి అదే ధ్యాస. అరకులో 2017లో బెలూన్ ఫెస్టివల్ చేశారు కదా, మన దగ్గర తాడిప్పి వదలరేం?

గట్టు మీద మాస్టారు:
ఎక్కడానికేం బాబూ, దిగడమే కష్టం. దానికి స్టీరింగ్ ఉండదు. మంట పెంచితే పైకి, పైనున్న గుడ్డ మూత తాడు లాగితే వేడిగాలి పోయి కిందికి, అంతే. ఏ ఎత్తులో గాలి ఎటు పోతోందో చూసుకుని అక్కడికి చేరడమే డ్రైవింగు. పొద్దెక్కితే నేల కాగి గాలి ఎగదన్నుతుంది కాబట్టి తెల్లారగట్లే ఎగరాలి, ఆ టైముకి మన తీరంలో గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. సముద్రం ఒడ్డున అంతర్వేదిలో ఎక్కావనుకో, ఎటు పోతావో నువ్వే చెప్పు.

రొయ్యల రాజు:
సముద్రం దాకా ఎందుకండీ, ఈ లోపు ఖాళీ ఎక్కడుంది? తోట, కాలవ, చెరువు, కరెంటు తీగ. సంక్రాంతికైతే చేలన్నీ దాళ్వా (రెండో పంట) బురద. నా చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ మీద దిగితే రొయ్యలకి డబ్బులెవరు కడతారు ఆయ్ 😂

పాలకొల్లు పిల్ల:
నేను టర్కీలో కప్పడోకియాలో ఎక్కా. పేము బుట్ట, లోపల గ్యాస్ సిలిండర్లు. గాలితో పాటే పోతాం కాబట్టి మొహానికి గాలే తగలదు, బర్నర్ ఆపితే కింద కుక్క మొరిగినా వినపడుద్ది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళు వంచి తాళ్ళు పట్టుకోమన్నారు. కింద జీపు ట్రైలర్‌తో వెంటబడింది, ఆ పైలట్ సరిగ్గా ట్రైలర్ మీదే దించాడు! అక్కడంతా బీడు నేల లెండి.

లంక కుర్రోడు:
మరి వేసవిలో కాలవలు కట్టేశాక చేలు ఎండిపోతాయిగా మాస్టారూ?

గట్టు మీద మాస్టారు:
అప్పుడు బయటి గాలీ వేడెక్కి లిఫ్టు, అదే లేపే బలం, తగ్గుద్ది. బయటి గాలికీ లోపలి గాలికీ బరువు తేడాయే కదా లేపేది. 2,200 ఘనపు మీటర్ల బెలూన్ లోపల 100 డిగ్రీలుంటే, బయట 20 ఉన్నప్పుడు మొత్తం 570 కిలోల దాకా లేపుద్ది, అందులోనే గుడ్డా బుట్టా సిలిండర్లూ. బయట 35 అయితే 440కి పడిపోద్ది, ఇద్దరు మనుషులు తగ్గినట్టు. ఇదీ ప్రొపేన్ గ్యాస్ బర్నర్‌తో, దాన్ని 1960లో అమెరికాలో ఎడ్ యోస్ట్ ఎగరేసి చూపించాడు. 1783లో పారిస్‌లో మొదటిసారి ఎగిరిన ఇద్దరైతే గడ్డి మండించుకుంటూ, నిప్పురవ్వ పడి గుడ్డ కాలిన చోటల్లా తడి స్పాంజీతో ఆర్పుకుంటూ పోయి గాలిమరల మధ్య దిగారు. వాళ్ళకీ దిగడమే గండం.

రొయ్యల రాజు:
సరే, సార్వా (మొదటి పంట) మిషన్‌తో కోసేశాక దాళ్వాకి నీళ్ళు పెట్టే లోపు కొన్ని రోజులు మా అయిదెకరాలు ఖాళీయే. దించుకుంటే దించుకోండి, చెరువు గట్టుకి మాత్రం దూరంగా.