ఊరి పేరు ఇస్తే పిన్‌కోడ్ రావాలి: పైథాన్ డిక్షనరీలో ఎలా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మామయ్య పార్సిల్ ఆఫీసు కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. డిక్షనరీ అంటే ఒక్కో కీకి ఒక వాల్యూ జతచేసి పెట్టుకునే పట్టిక. నా దాంట్లో కీ పిన్‌కోడ్, వాల్యూ ఊరి పేరు: 765001కి రాయగడ, 765022కి గుణుపురం, 761200కి పర్లాకిమిడి. పిన్ ఇస్తే ఊరు టక్కున వస్తోంది. కౌంటర్ దగ్గరికొచ్చేవాళ్లు మాత్రం ఊరి పేరే చెప్తారు, పిన్ ఎవరికి గుర్తుంటుంది!

"గుణుపురం" ఉందా అని ‘ఇన్’తో అడిగితే ఫాల్స్ (లేదు) అంటోంది. అరగంట స్పెల్లింగు చూసుకున్నాక తెలిసింది, ‘ఇన్’ కీలనే చూస్తుందట. వాల్యూస్‌లో వెతికితే ట్రూ వచ్చింది గానీ పిన్ చేతికి రాలేదు. ఐటమ్స్ (కీ, వాల్యూ జతలు) మీద ఫర్ లూప్ తిప్పి ఒక్కొక్కటే చూస్తే పనయింది. ప్రతిసారీ మొదటి నుంచీ తిరగడం నచ్చక, కీ, వాల్యూ తారుమారు చేసి ఇంకో డిక్షనరీ కట్టాను. అక్కడ బరంపురం దెబ్బకొట్టింది: 760001, 760002 రెండూ ఇస్తే చివరిదే మిగిలింది.

ఊరి పేరుకి పిన్‌ల లిస్టు పెట్టుకోవాలా, లూప్‌తోనే సరిపెట్టుకోవాలా? మొత్తం నాలుగొందల ఊళ్లే. ఇంకో తంటా, మనం పర్లాకిమిడి అంటే ఒడియావాళ్లు పారళాఖేముండి అంటారు. రెండు పేర్లూ ఒకే పిన్‌కి వెళ్లేలా ఎలా రాయాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.