అజంతాలో చిత్రాల గుహలు మూసేసి నకళ్లు చూపిస్తే నష్టమేమిటి?

రాతిపుట్ట

పోయిన నెల కాచిగూడలో రైలెక్కి ఔరంగాబాద్‌లో దిగాం. (ఊరి పేరు ఛత్రపతి శంభాజీనగర్ అయింది గానీ మా ఇంట్లో ఇంకా ఎవరికీ నోరు తిరగలేదు.) అక్కడి నుంచి వంద కిలోమీటర్లు. బడి పుస్తకంలో పద్మపాణి (చేత తామరపువ్వు పట్టుకున్న బోధిసత్వుడు) బొమ్మ చూసిననాటి కోరిక, నలభై ఏళ్లకు తీరింది. తీరాక బెంగ పట్టుకుంది.

చిత్రాలున్న గుహలోకి ఒకసారికి నలభై మంది, పదిహేను నిమిషాలు అని నియమం. ఒకటో గుహలో నిలబడి తలలు లెక్కపెట్టాను. డెబ్బై దాటాక వదిలేశాను. పద్మపాణి ముందు ఒకాయన మెడ మీది చెమట తుడుచుకుని, ఆ చేతిని పక్క స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. ఆ స్తంభం మీదా పాత రంగు ఉంది. ఫ్లాష్ వేయవద్దని కాపలాదారు అరుస్తూనే ఉన్నాడు, మెరుపులు మెరుస్తూనే ఉన్నాయి.

నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. 1, 2, 16, 17 గుహలను మామూలు సందర్శకులకు మూసేయాలి. వాటికి అచ్చంగా నకళ్లు కట్టి చూపించాలి. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహను 1963లోనే మూసేశారు. 1983 నుంచి జనం నకలే చూస్తున్నారు. ఎవరికీ ఏ లోటూ రాలేదు.

షిర్డీ బస్సు

పద్దెనిమిదేళ్లుగా యాత్రా బస్సులు నడుపుతున్నాను. షిర్డీ, శని శింగణాపూర్, ఘృష్ణేశ్వరం, పక్కనే ఉంది కాబట్టి ఎల్లోరా. అజంతాకు ఇంకో రోజు కావాలి కాబట్టి చాలామంది వద్దంటారు. పట్టుబట్టి తీసుకెళ్లేవాళ్లలో నేనొకణ్ని.

ఒకసారి జనగామ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మెట్లు ఎక్కలేకపోతే డోలీ మాట్లాడాం. 26వ గుహలో ఏడు మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుణ్ని చూడగానే రంగనాథస్వామి అనుకుని చేతులు జోడించింది. కొంచెం దగ్గరికి వెళ్లి, కింద వరుసగా చెక్కిన మనుషులను చూసి, "దేవుడు పడుకుంటే వీళ్లెందుకు ఏడుస్తున్నారు నాయనా?" అని అడిగింది. అది మహాపరినిర్వాణమని, బుద్ధుడు కన్నుమూసిన ఘట్టమని గైడు చెప్పాడు. ఆవిడ చెంగుతో కళ్లొత్తుకుని అక్కడే ఓ మూల కూర్చుండిపోయింది. బస్సు గంట ఆలస్యమైంది.

సిమెంటు బొమ్మ ముందు ఆవిడ అలా కూర్చునేదా? రాతిపుట్ట గారూ, మీరు చూసి వచ్చేశారు. ఇప్పుడు తలుపు వేయమంటున్నారు.

రాతిపుట్ట

26వ గుహ మూయమని నేను అనలేదు. అది శిల్పం, తట్టుకుంటుంది. నా బాధ రంగుల గురించి.

గార

పాత కట్టడాల గార పనిలో ఉన్నవాణ్ని కనుక రెండు మాటలు. అజంతా గోడల మీద ఉన్నది తడి సున్నం మీద వేసిన చిత్రం కాదు. ఉలితో గరుకుగా వదిలిన రాతి మీద మట్టి పూశారు. అందులో ఊక, గడ్డిపీచు కలిపారు. దానిమీద మరో పలుచని పూత, ఆపైన సున్నపు తెల్లదనం. అది ఆరాక జిగురులో కలిపిన రంగులు. అంటే మీరు చూసే పద్మపాణి రాతి మీద లేడు, ఎండిన మట్టి మీద ఉన్నాడు. వానాకాలంలో ఆ మట్టి తేమ పీలుస్తుంది, ఎండాకాలం విడుస్తుంది. అలా ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఒకనాటికి పెచ్చుగా లేస్తుంది. గడ్డి కోసం పురుగు వస్తుంది. చీకటి కోసం గబ్బిలం వస్తుంది.

జనం ఊపిరి వీటికి తోడవుతుంది, కాదనను. కానీ లాస్కోతో పోలిక నాకు కుదరడం లేదు. అది భూమి లోపలి గుహ, పదిహేడు వేల ఏళ్లు దాదాపు గాలి కదలకుండా ఉన్నది. మనిషి అడుగుపెట్టగానే అక్కడి లెక్క తప్పింది. అజంతా గుహలు మనుషులు నివసించడానికి తొలిచినవి. ముందు వసారా, గుమ్మాలు, కిటికీలు, ఎదురుగా వాఘోరా వాగు. జనం వెళ్లడం మానేస్తే గబ్బిలాలు వెళ్లడం మొదలుపెడతాయి. 1819కి ముందు కొన్ని వందల ఏళ్లు జరిగింది అదే.

పాతకాగితం

1819 అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఆ ఏడాది వేటకు వచ్చి ఈ గుహలను చూసిన మద్రాసు అశ్వికదళ అధికారి జాన్ స్మిత్ పదో గుహ స్తంభం మీద, రంగుల బొమ్మ మీదే, తన పేరు గీకి వెళ్లాడు. అప్పుడు నేల మీద మట్టి పేరుకుని ఉండేది. అందుకే ఆ గీత ఇప్పుడు మన తలకంటే ఎత్తులో ఉంటుంది. పేర్లు గీకే జబ్బు మనవాళ్లదే అనుకునేవారికి ఇదొక ఊరట.

అసలు విషయం నకళ్ల గురించి. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి 1844 నుంచి ఏళ్ల తరబడి అక్కడే ఉండి చిత్రాలకు నకళ్లు గీశాడు. వాటిని లండన్‌లో ప్రదర్శనకు పెడితే 1866లో అగ్నిప్రమాదంలో చాలా వరకు బూడిదయ్యాయి. తర్వాత 1872 నుంచి జాన్ గ్రిఫిత్స్ అనే చిత్రకారుడు బొంబాయి చిత్రకళా పాఠశాల విద్యార్థులతో మళ్లీ గీయించాడు. అవీ లండన్‌కు వెళ్లాయి. 1885లో అక్కడ మళ్లీ మంటలు, వాటిలోనూ చాలా పోయాయి.

ఇందులో చేదు ఏమిటంటే, గీసుకోవడానికి రంగులు స్పష్టంగా కనిపించాలని అసలు చిత్రాలకే వార్నిష్ పూశారు. నకలు కాలిపోయింది, వార్నిష్ మిగిలింది. ఆ తర్వాత, అజంతా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1920 ప్రాంతంలో హైదరాబాద్ ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. ఊడిపోతున్న పెచ్చులను వాళ్లు అతికించి నిలబెట్టారు. ఆ మేలు మరువకూడదు. కానీ వాళ్లు పూసిన లక్క కూడా కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, మసిబారింది. పదో గుహలో దాన్ని మళ్లీ పురావస్తు శాఖవారు ఓపికగా తొలగించాల్సి వచ్చింది. శాతవాహనుల కాలపు చిత్రాలు కొన్ని అలా బయటపడ్డాయి.

ఇంత చెప్పింది ఎందుకంటే, మా చిత్రాలను పాడుచేసింది యాత్రికుడే అని తేల్చేముందు, ప్రేమతో దగ్గరికి వచ్చిన నిపుణుల చేతులు కూడా చూడండి.

రాతిపుట్ట

అంటే నిపుణుడు పాడుచేశాడు కాబట్టి మనమూ చేయవచ్చా? పందొమ్మిదో శతాబ్దంలో నూనెరంగులతో గీసిన నకలు కాలిపోయిందని ఈనాటి నకలు వద్దంటారా? గోడను తాకకుండా కొలిచే పరికరాలు వచ్చాయి. స్పెయిన్‌లో లాస్కోలాంటిదే అయిన అల్తమీరా గుహకు నకలు 2001లో తెరిచారు. అక్కడ జనం బారులు తీరుతున్నారు.

నాలుగో మలుపు

నకలు మనమూ కట్టాం, మరిచిపోయారా? అజంతా కొండ కింద జపాన్ రుణసాయంతో పెద్ద సందర్శక కేంద్రం కట్టి, మీరు చెప్పిన ఆ నాలుగు గుహలకే నమూనాలు పెట్టారు. 2013లో ప్రారంభమైంది. కొన్నేళ్లకే కరెంటు, నీళ్ల బిల్లుల బకాయిలతో తలుపులు మూశారని పత్రికల్లో చదివాం. ముందు నకలుకు కరెంటు ఇవ్వండి, తర్వాత అసలుకు తాళం వేద్దురు గాని.

గార

ఇది మాత్రం నిజం.

గవాక్షం

నేను నకళ్లు చూసి పెరిగినదాన్ని. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ల గది ఉంది. నాన్న ప్రతి వేసవి సెలవుల్లో తీసుకెళ్లేవారు. అక్కడ గంటసేపు నిలబడినా ఎవరూ కదలమనరు. ఏ రాణి ఎటు చూస్తోందో, ఏ చెలికత్తె చేతిలో ఏముందో అక్కడే నేర్చుకున్నాను. కాబట్టి నకలును నేను తక్కువ చేయను.

కానీ ఒకటో గుహ గర్భగుడిలో పెద్ద బుద్ధుడి దగ్గర గైడు దీపాన్ని ఒక పక్క నుంచి పట్టాడు. ముఖం గంభీరంగా ఉంది. రెండో పక్కకు జరిపాడు. పెదవి కొసన నవ్వు పుట్టింది. ఎదురుగా కిందికి దించాడు. బుద్ధుడు కళ్లు మూసి ధ్యానంలోకి వెళ్లిపోయాడు. రాయి అదే, దీపం అదే. నా పక్కన ఉన్న పిల్లాడు "మళ్లీ, మళ్లీ" అన్నాడు. ఆ చీకటి, ఆ చల్లదనం, రాతి వాసన లేకుండా అది జరిగేది కాదు.

మూయడం, తెరవడం మధ్య ఇంకో దారి మనకు కొత్తదా? తిరుమలలో సమయం వేసిన టోకెను పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటాం. అజంతాలోనూ చిత్రాల గుహలకు సమయం వేసి టికెట్ ఇవ్వాలి. నలభై అంటే నలభై. ముందు కింద నకలు నిదానంగా చూపించి, కథలు చెప్పి పంపితే, పైన పదిహేను నిమిషాలు వెతుకులాటలో పోవు.

షిర్డీ బస్సు

అమ్మా, మాట బాగుంది. కానీ నా బస్సు ఘాట్ రోడ్డులో ఇరుక్కుని పదకొండింటి టోకెను పోతే? నలభై ఆరుగురిని వెనక్కి తీసుకెళ్లాలా? తిరుమలలో ఆలస్యమైనా ఎక్కడో ఒక వరుసలో కలిసిపోతాం. ఇక్కడ గుహలు సాయంత్రానికి మూసేస్తారు.

గవాక్షం

మీ నలభై ఆరుగురిలో అజంతా కోసం వచ్చేవారు ఎందరండీ?

షిర్డీ బస్సు

నిజం చెప్పమంటే పదిమంది. మిగతావాళ్లు చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పుతారు. సరే, ఆ పదిమందికి టోకెన్లు తీస్తాను. కానీ ఆ జనగామ పెద్దావిడ పులిహోర జట్టులోనే ఉండేది. ఊరికే వచ్చి చూసింది.

గార

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కొన్ని టోకెన్లు అక్కడికక్కడే ఇచ్చేలా విడిగా ఉంచాలేమో.

రాతిపుట్ట

నాలుగు గుహలూ పూర్తిగా మూయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వానాకాలం రెండు నెలలైనా మూయాలన్నది మాత్రం వదలను. తేమ గురించి గార గారు చెప్పింది నా వైపే పనిచేస్తుంది.

ఇంకొకటి దాచాను. పద్మపాణి హారంలో ముత్యాలు సరిగా కనబడటం లేదని మా అబ్బాయి ఫోను టార్చి వేసి ఎత్తి పట్టుకున్నాడు. నేను వద్దనలేదు. ముత్యాలు మెరిశాయి.

నాలుగో మలుపు

మేము వచ్చే నెల వెళ్తున్నాం. ఆదివారం ఎల్లోరా, సోమవారం అజంతా అని టికెట్లు తీసేశాను. జనం తక్కువ ఉంటారా?

షిర్డీ బస్సు

ఒక్కరూ ఉండరు. సోమవారం అజంతాకు సెలవు. ఎల్లోరాకు మంగళవారం సెలవు. రెండూ తారుమారు చేసి, ఆదివారం అజంతా, సోమవారం ఎల్లోరా పెట్టుకోండి.