గ్రహాంతర జీవాన్ని వెతికే యాత్రకు ప్రణాళిక: గమ్యాన్ని ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (తార్నాక విద్యార్థిని)

నమస్కారం. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మేము ఆరుగురం, భూమికి వెలుపల జీవాన్ని వెతికే అంతరిక్ష యాత్రకు కాగితం మీద పూర్తి ప్రణాళిక తయారుచేయడాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాం. నెల గడిచినా గమ్యం దగ్గరే ఆగిపోయాం. ఇద్దరు అంగారకుడికే వెళ్దామంటున్నారు. ఇద్దరు గురుగ్రహపు చందమామ యూరోపా మీద దిగి, మంచును తొలిచి, అడుగునున్న సముద్రాన్ని చేరాలంటున్నారు. నా మనసు శని చుట్టూ తిరిగే ఎన్సిలాడస్ మీద ఉంది. ఆరో మిత్రుడు మాత్రం గమ్యం ఏదైనా మనుషులే వెళ్లాలని పట్టుబడుతున్నాడు. దేన్ని ఆధారంగా తేల్చుకోవాలి? పని ఎలా పంచుకోవాలి?

జవాబు (మెకానికల్ అధ్యాపకుడు)

ముందు ఆ తొలిచే ఆలోచనను పక్కన పెట్టండి. యూరోపా మంచు పొర 15 నుంచి 25 కిలోమీటర్ల మందం ఉండవచ్చని అంచనా. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో మనుషులు, కరెంటు, విడిభాగాలు అన్నీ అందుబాటులో ఉండగా 1970లో తవ్వడం మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12 కిలోమీటర్ల పైచిలుకు లోతుకు చేరి ఆగిపోయింది. అది రాయి, ఇది మంచు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు గానీ, గురుడి దగ్గర ఎండ మనకు అందే దానిలో సుమారు 25వ వంతే ఉంటుందన్న సంగతి కూడా కలిపి చూడండి. పైగా అక్కడి రేడియేషన్‌కు జడిసే, 2024 అక్టోబరులో బయలుదేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్‌ను యూరోపా చుట్టూ కాకుండా గురుడి చుట్టూ తిరుగుతూ 49 సార్లు దాని పక్కగా వెళ్లి వచ్చేలా రూపొందించారు.

ఎన్సిలాడస్ సంగతి వేరు. దాని దక్షిణ ధ్రువపు చీలికల నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతున్నాయని 2005లో శనిని పరిశీలిస్తున్న కాసిని నౌక బయటపెట్టింది. నీళ్లు వాటంతటవే పైకి వస్తున్న చోట బావి తవ్వడం ఎందుకు? 2015లో కాసిని ఆ జల్లుల గుండా 49 కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోయినప్పుడు సేకరించిన సమాచారం నుంచే, సూక్ష్మజీవులకు ఆహారం కాగల హైడ్రోజన్ అక్కడ ఉన్నట్టు 2017లో ప్రకటించారు. అయితే అప్పటి వేగం సెకనుకు 8.5 కిలోమీటర్లు. అంత వేగంతో పరికరానికి తగిలిన పెద్ద అణువులు ముక్కలైపోతాయి కాబట్టి, మీ నౌక నెమ్మదిగా వెళ్లే కక్ష్యను ఎంచుకోవడమే మీ లెక్కల్లో అసలు కష్టం. ఆరో మిత్రుడికి నా మాటగా చెప్పండి: మనిషి వెళ్తే అతనితో పాటు లక్షల కోట్ల సూక్ష్మజీవులు కూడా వెళ్తాయి, అప్పుడు దొరికిన జీవం అక్కడిదో మనదో తేల్చలేం.

జవాబు (మౌలాలి నివాసి)

అంగారకుడిని అంత తేలిగ్గా వదిలేయకండి. అక్కడికి ఏడు నెలల్లో చేరవచ్చు. కాసిని 1997 అక్టోబరులో బయలుదేరి 2004 జూలైకి గానీ శనిని చేరలేదు. అంతకాలం ఒకే జట్టు ఉండదు కాబట్టి, ప్రతి నిర్ణయానికీ కారణం రాసిపెట్టే బాధ్యతను మీలో ఒకరికి ఇప్పుడే అప్పగించండి.

జవాబు (విశ్రాంత ఉద్యోగి, సైనిక్‌పురి)

అమ్మా, గమ్యం కంటే ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటుంది: ఏది కనబడితే జీవం ఉందని ఒప్పుకుంటారు? 1976లో అంగారకుడి మీద దిగిన రెండు వైకింగ్ నౌకల్లోనూ మూడేసి జీవ ప్రయోగాలు ఉండగా, ఆ మూడింటిలో ఒక ప్రయోగానికి సానుకూల ఫలితం వచ్చింది. మట్టిలో సేంద్రియ పదార్థం మాత్రం ఉన్నట్టు తేలలేదు. దాని అర్థమేమిటన్న వాదన నేటికీ తెగలేదు. ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు దొరికితే చాలనుకుంటారేమో, బెన్నూ గ్రహశకలం నుంచి తెచ్చిన ధూళిలో మన ప్రోటీన్లలో ఉండే 20 రకాల్లో 14 కనబడ్డాయని 2025లో ప్రకటించారు. కానీ వాటిలో, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే కుడి, ఎడమ రూపాలు దాదాపు సమానంగా ఉన్నాయి. భూమి మీది జీవం మాత్రం తన ప్రోటీన్లలో ఎడమ రూపాన్నే వాడుకుంటుంది. కాబట్టి మీ పరికరం అణువును గుర్తించడంతో ఆగకుండా ఈ నిష్పత్తిని కూడా కొలవాలి.

ఇక మన ఊరి అనుభవమే చూడండి. ఇక్కడి టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్‌లో ఇస్రో పంపిన బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకెళ్లి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలిని పట్టి తెచ్చింది. (ఆ కేంద్రం బెలూన్ల పెట్టెలు పొలాల్లో దిగితే తెరవవద్దని పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి, మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది.) నమూనాలను మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణేలోని మరో పరిశోధన సంస్థలోనూ విడివిడిగా పరీక్షించగా, మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు తేలినట్టు 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్ట పేరు కూడా పెట్టారు. అయినా అవి భూమికి వెలుపలి నుంచి వచ్చాయని దీనితో రుజువైనట్టు కాదని ఆ ప్రకటనలోనే స్పష్టంగా రాశారు. అందుకే ఆరుగురిలో ఒకరికి, మిగతా అయిదుగురి ఫలితం తప్పని నిరూపించడమే పనిగా ఇవ్వండి. అంగారకుడి మీది పర్సెవరెన్స్ రోవర్ నమూనాల కోసం తీసుకెళ్లిన 43 గొట్టాల్లో అయిదింటిని, భూమి నుంచి ఏ మలినం వెంట వచ్చిందో తెలుసుకోవడానికే కేటాయించింది. మీరూ అలాంటి ఖాళీ గొట్టాలకు బరువు కేటాయించండి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఎన్సిలాడస్‌కే ఓటు పడింది. తప్పులు పట్టే పనిని ఆరో మిత్రుడికి అప్పగించాం. నౌకలో వాడే జిగురు నుంచి వెలువడే ఆవిరి మా పరికరానికి సేంద్రియ పదార్థంగా కనబడదా అని అతడు మొదటి రోజే అడిగాడు, మా దగ్గర ఇంకా జవాబు లేదు.