హీబ్రూ అక్షరాలు దిద్దడాన్ని సాధనగా పెట్టుకోవచ్చా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

మా అమ్మగారు ఇరవై ఏళ్లుగా రామకోటి రాస్తున్నారు. ఉద్యోగ విరమణ తరువాత నేనూ ఉదయం పూట ఏదైనా రాస్తూ కూర్చోవాలనుకుని, చిన్ననాటి నుంచి ఆకర్షించిన హీబ్రూ లిపిని ఎంచుకున్నాను. అడ్డంగా కోసిన పాళీతో ఆరు నెలలుగా ఇరవై రెండు అక్షరాలూ దిద్దుతున్నాను. కుడి నుంచి ఎడమకు రాయడం వల్ల తడి సిరా మీదుగానే చేయి జరిగి, చిటికెనవేలి పక్కంతా నల్లబడుతోంది. అది పెద్ద ఇబ్బంది కాదు. గత వారం దేవుని నాలుగక్షరాల నామాన్ని ఒక పాత పద్దుల కాగితం వెనుక నలభై సార్లు రాశాను. మర్నాడు మా ఆవిడ ఆ కాగితంలోనే శొంఠిపొడి పొట్లం కట్టబోతుండగా చూసి లాక్కున్నాను. యూదుడను కాని నేను దీన్ని సాధన అనుకోవడం తప్పా? ఆ కాగితాన్ని ఏం చేయాలి?

జవాబు 1 (విజయవాడ, గవర్నర్‌పేట)

అక్షరాలు రాసి బతికేవాడిగా చెబుతున్నాను. మీరు చేస్తున్నది అందమైన రాత, తప్పేమీ లేదు. కానీ తోరా (బైబిలు మొదటి ఐదు కాండాల) చుట్టనూ, ద్వారబంధానికి అమర్చే మెజూజా అనే లేఖన పత్రాన్నీ రాసే సోఫేర్, అంటే యూదుల పవిత్ర లేఖకుడి పని వేరు. ఆయన ధర్మశాస్త్రం అనుమతించిన జంతువు చర్మం మీద, ఈకతోనో రెల్లు కలంతోనో రాస్తారు. సిరాలో పడే మాచికాయ, అన్నభేది, తుమ్మబంక మాత్రం మన మూలికల దుకాణంలో అడిగితే పొట్లం కట్టి ఇచ్చేవే. సిరా లేకుండా మొనతో గీతలు గీసి, అక్షరాలను వాటికి వేలాడదీసినట్టు రాస్తారు. ఎంత కంఠస్థమైనా మూలప్రతిని చూస్తూ, మాటను ముందు పైకి పలికి రాయాలి. ఏ అక్షరమూ పక్కదాన్ని తాకకూడదు. ఎక్కువైన సిరాను గీకేసి అక్షరాన్ని పుట్టించడం చెల్లదు. తోరాలో 3,04,805 అక్షరాలుండగా, ఒక్కటి చెడినా దాన్ని సరిచేసేవరకు ఆ చుట్టను సభలో చదవడానికి తీయరు. మెజూజాలో నియమం ఇంకా కఠినం: వరుస తప్పకుండా రాయాలి కనుక, ముందు వదిలేసిన అక్షరాన్ని తరువాత ఇరికించడానికి వీల్లేదు. నామం వచ్చినప్పుడు, దాని పవిత్రత కోసమే రాస్తున్నానని పైకి చెప్పి మరీ కలం ఆనిస్తారు. దాన్ని చెరపడం నిషిద్ధం. కాబట్టి నామాన్ని అభ్యాసానికి వాడకండి. యూదులు మామూలు రాతలో చేసినట్టు ‘హే’ అక్షరం ఒక్కటి రాసి పక్కన చిన్న గీత పెట్టండి.

జవాబు 2 (చేబ్రోలు)

మా మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనే ఎఫ్రాయీం కుటుంబాలున్నాయి. వెళ్లి మాట్లాడండి, కానీ శనివారం కలం పట్టుకుని వెళ్లకండి: సబ్బాతు అనే వారి విశ్రాంతి దినాన మానవలసిన 39 పనులలో రాయడం ఒకటి, రెండక్షరాలు రాసినా పని కిందే లెక్క. ఇక కాగితం సంగతి. నామమున్న ప్రతులను వారు గెనీజా అనే చోట దాచి, తరువాత పాతిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో అలా పోగైన గది నుంచే సోలమన్ షెక్టర్ అనే పండితుడు 1896-97లో లక్షకు పైగా శకలాలను కేంబ్రిడ్జికి చేర్చారు. నిండిన రామకోటి పుస్తకాలను మనవాళ్లు చిత్తుకాగితాల వాడికి వేయరు కదా, మీరు లాక్కున్నదీ ఆ అలవాటుతోనే.

జవాబు 3 (గుంటూరు, కొరిటెపాడు)

మొదటి జవాబులో ‘అందమైన రాత’ అని పక్కన పెట్టేయడం నాకు నచ్చలేదు. దాలెత్, రేష్ అనే అక్షరాలు రెండిటినీ పక్కపక్కన రాసి చూడండి. తేడా అంతా పైమూలలోనే, దాలెత్‌కు కోణం, రేష్‌కు వంపు. ద్వితీయోపదేశకాండం 6:4లో ప్రభువు ‘ఎహాద్’, అంటే ఒక్కడే అనే మాట దాలెత్‌తో ముగుస్తుంది. ఆ మూల గుండ్రబడితే అది ‘అహేర్’, అంటే వేరొకడు అవుతుంది. అందుకే తోరా చుట్టలో ఆ దాలెత్‌ను పెద్దదిగా రాస్తారు. ఆ మూల దగ్గర చేయి నిదానించడం సాధన కాకపోతే మరేమిటో నాకు తెలియదు. షీన్ మొదలైన ఏడక్షరాలకు మూడేసి సన్నగీతల కిరీటాలుంటాయి, మన తలకట్టు లాగా అనుకోవచ్చు, కాకపోతే ఉచ్చారణలో వాటికి పనిలేదు. వాటిని ఆఖరున నేర్చుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కాగితాన్ని అమ్మగారు తన పూర్తయిన రామకోటి పుస్తకాల పెట్టెలో, అడుగున పెట్టించారు. ఈ ఉదయం రెండు గంటలు దాలెత్ ఒక్కటే రాశాను. పదింటిలో నాలుగు రేష్‌లే అయ్యాయి.