మామయ్యగారి సిటిజన్‌షిప్ సివిక్స్: వీడియోలు చూస్తున్నారు, అడిగితే జవాబు రావట్లేదు

ఎడిసన్ (న్యూజెర్సీ) నుంచి ఒక కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి 68 ఏళ్లు. గుంటూరు జిల్లాలో తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. గ్రీన్‌కార్డు వచ్చి తొమ్మిదేళ్లు. 2026 జనవరిలో ఎన్-400 (అమెరికా పౌరసత్వం దరఖాస్తు) వేశాం. పెద్దవాళ్లకిచ్చే సడలింపు కావాలంటే గ్రీన్‌కార్డు వచ్చి ఇరవై ఏళ్లు కావాలట, కాబట్టి అది ఆయనకు లేదు. సివిక్స్ (ఇక్కడి ప్రభుత్వం, చరిత్ర) పరీక్ష ఇంగ్లీషులోనే, అదీ కొత్త పద్ధతిలో: 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి.

రోజూ రాత్రి భోజనం అయ్యాక ట్యాబ్ ముందు పెట్టుకుని మూడు నాలుగు నిమిషాల సివిక్స్ వీడియోలు వరసపెట్టి చూస్తారు. ఇప్పటికి నలభై దాకా చూసుంటారు. "ఎలా ఉన్నాయి మామయ్యగారూ?" అంటే "చక్కగా చెబుతున్నాడమ్మా, అంతా అర్థమవుతోంది" అంటారు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ "వాట్ డజ్ ద జుడీషియల్ బ్రాంచ్ డూ?" (న్యాయశాఖ ఏం చేస్తుంది?) అని అడిగితే గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోతారు. ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసు ఫైళ్లు నడిపిన మనిషి. అలా మాట రాక కూర్చుంటే నాకు గుండె కలుక్కుమంటుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. దానికీ హోంవర్కు ఇవే వీడియోలు. రెట్టింపు స్పీడులో చూసేసి, కింద ఉన్న నాలుగు క్విజ్ ప్రశ్నలు నొక్కేసి, అయిపోయిందంటుంది. ఏం చూశావే అంటే "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" (ప్రభుత్వ శాఖలు ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకోవడం) అంటుంది. అంటే ఏంటి అంటే చెప్పదు.

వీడియోలు బాగాలేవని కాదు, నేను కూడా కూర్చుని చూశాను, బాగానే ఉన్నాయి. మరి చూసింది ఎందుకు నిలవడం లేదు? వీటితో పిల్లలకు గానీ పెద్దలకు గానీ నేర్పినవాళ్లు ఉంటే, ఎలా నేర్పారో కాస్త వివరంగా చెప్పండి.

అట్లాంటా తమ్ముడు:

అక్కా, మా అమ్మకు పోయినేడాది నేనే చదివించాను. ముందు ట్యాబ్‌లో ఆటోప్లే తీసేయండి. ఒకటి అయిపోగానే ఇంకోటి మొదలైపోతుంటే ఏదీ తలకెక్కదు. స్పీడు 0.75 పెట్టండి. ఇంకో మాట, పరీక్ష నోటితో చెప్పేది. చదువుకుని ఊరుకుంటే చాలదు, రోజూ పది జవాబులు పైకి చెప్పించండి. అమ్మ బట్టీ పట్టే పాసైంది, అందులో తప్పేం లేదు. ప్రశ్నలు మాత్రం ప్రభుత్వం వాళ్ల సైట్‌లోవే తీసుకోండి. పాత వీడియోల్లో చాలావరకు 100 ప్రశ్నల పరీక్ష గురించే ఉంది. 2025 అక్టోబర్ 20 నుంచి వేసిన అప్లికేషన్లకు అది కాదు.

సోషల్ టీచర్, డాలస్ దగ్గర:

నేను పన్నెండేళ్లుగా ఇక్కడ ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతున్నానండీ. మీరు చెప్పింది మా క్లాసులో రోజూ చూసేదే. ఎదుటివాళ్లు చెబుతుంటే అర్థమవడం వేరు, మనల్ని అడిగితే చెప్పగలగడం వేరు. వీడియో మొదటిది చేసిపెడుతుంది. రెండోది పక్కన కూర్చున్న మనిషి చేయించాలి.

నేను క్లాసులో నాలుగు నిమిషాలకు మించిన వీడియో వేయను. కానీ ఆ నాలుగు నిమిషాలు నడవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అన్నిసార్లు ఆపుతాను. రాజ్యాంగ సవరణల పాఠానికి ముందు బోర్డు మీద ఇంతే రాస్తాను: "27వ సవరణ. కాంగ్రెస్ పంపింది 1789. ఆమోదం పొందింది 1992." మధ్యలో ఏం జరిగి ఉంటుందో పిల్లల్నే ఊహించమంటాను. ఒకడు యుద్ధం వచ్చిందంటాడు, ఒకమ్మాయి కాగితం పోయిందంటుంది. అప్పుడు వీడియో పెడతాను. "నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి" దగ్గర ఆపుతాను. యాభైలో ఎన్నో లెక్క కట్టమంటాను. ముప్పై ఏడున్నర వస్తుంది. అర రాష్ట్రం ఉండదు కాబట్టి 38. ఆ సంఖ్య వాళ్లే కట్టుకున్నారు కాబట్టి మే నెలలో అడిగినా చెబుతారు.

ఆ తర్వాత అసలు కథ. కాంగ్రెస్ సభ్యులు జీతం పెంచుకుంటే అది మళ్లీ ఎన్నికలయ్యాకే అమల్లోకి రావాలన్నది ఆ సవరణ. తర్వాత అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ప్రతిపాదించాడు. చాలినన్ని రాష్ట్రాలు ఒప్పుకోక అలా ఉండిపోయింది. దానికి గడువు పెట్టలేదు. 1982లో ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి గ్రెగరీ వాట్సన్ అది ఇంకా బతికే ఉందని వ్యాసం రాస్తే సి గ్రేడు వేశారు. అతను ఊరుకోకుండా రాష్ట్రాల చట్టసభలకు ఉత్తరాలు రాసుకుంటూ పోయాడు. పదేళ్లకు అది రాజ్యాంగంలో చేరింది. 2017లో యూనివర్సిటీ ఆ గ్రేడును ఎ చేసింది. మీ మామయ్యగారికి ఇది తప్పకుండా పట్టుబడుతుంది. రెండు వందల ఏళ్లకు పైగా పెండింగులో ఉన్న ఫైలు, ఒక మనిషి వెంటపడి కదిలించాడు. తహసీల్దారు ఆఫీసులో పనిచేసినవారికి వేరే ఉదాహరణ ఎందుకు?

ఇక ప్రభుత్వంలోని మూడు శాఖలు: చట్టాలు చేసే కాంగ్రెస్, అమలు చేసే అధ్యక్షుడు, అర్థం చెప్పే కోర్టులు. వాటి మీద వీడియోలన్నీ ఒకటే బొమ్మ చూపిస్తాయి: మూడు స్తంభాల భవనం, దాని కింద మూడు పేర్లు. పేర్లు గుర్తుండవు. నేనైతే భగత్ సింగ్ థింద్ కేసు చెబుతాను. పంజాబు నుంచి వచ్చాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేశాడు. అప్పటి చట్టం ప్రకారం బయట్నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతివాళ్లకు మాత్రమే పౌరసత్వం. 'తెల్లవాడు' అన్న మాటలోకి భారతీయుడు రాడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టంలోని మాటకు అర్థం చెప్పేది న్యాయశాఖ, చూశారా. ఆ చట్టాన్ని మార్చి, మనవాళ్లు పౌరులు కావచ్చని 1946లో బిల్లు పాస్ చేసింది కాంగ్రెస్. సంతకం పెట్టింది అధ్యక్షుడు ట్రూమన్. ఏడాదికి వందమంది మాత్రమే రావచ్చన్నారు, అది 1965 దాకా సాగింది. ఒక్క కథలో మూడు శాఖలూ ఉన్నాయి. పైగా మీ మామయ్యగారు వేసిన కాగితం మీద సంతకం చేసే హక్కు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా అందులోనే ఉంది. ఈ కథ చెప్పినప్పుడల్లా మన పిల్లలు ఒక్కసారి తలెత్తి చూస్తారు. నాకు ఆ చూపు కోసమే ఈ ఉద్యోగం ఇష్టం.

పైన తమ్ముడు చెప్పిందీ నిజమే, 435 (ప్రతినిధుల సభ సభ్యులు), 100 (సెనేటర్లు), 9 (సుప్రీంకోర్టు జడ్జీలు) లాంటి సంఖ్యలు బట్టీ పట్టాల్సిందే. "ఏం చేస్తుంది", "ఎందుకు" అన్న ప్రశ్నలకు మాత్రం బట్టీ ఇంటర్వ్యూ టెన్షన్‌లో చెదిరిపోతుంది. ముందు తెలుగులో చెప్పించండి. తెలుగులో తడబడకుండా చెప్పాక ఇంగ్లీషు వాక్యం ఇవ్వండి, చిన్నది. న్యాయశాఖ ఏం చేస్తుందంటే, "ఇట్ ఎక్స్‌ప్లెయిన్స్ లాస్" (చట్టాలకు అర్థం చెబుతుంది). అంతే చాలు.

ఒక అనుమానం: ఆయనకు మన దేశపు పద్ధతి బాగా తెలుసు కదా, అదే ఎక్కడైనా అడ్డొస్తోందేమో గమనించండి.

ఎడిసన్ కోడలు:

టీచర్‌గారూ, పది రోజులు చేసి చూసి రాస్తున్నాను. మీ అనుమానం నిజం. "హూ ఈజ్ ద గవర్నర్ ఆఫ్ యువర్ స్టేట్?" దగ్గర వీడియో ఆపి అడిగితే, "ఈయన్ని కేంద్రం ఎప్పుడు వేసిందమ్మా?" అన్నారు! ఇన్నాళ్లూ గవర్నరంటే మన దేశంలోలాగా కేంద్రం వేసే మనిషేననుకుని చూస్తున్నారు. ఇక్కడ గవర్నరును జనమే ఓటేసి ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి చేసే పని చాలావరకు ఈయనదే అని చెబితే, వీడియో మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. సెనేటు (కాంగ్రెస్‌లో పైసభ) మాత్రం వెంటనే అందింది. ఆరేళ్ల పదవి, రెండేళ్లకోసారి మూడోవంతు మారడం, "అచ్చం మన రాజ్యసభ లెక్కే" అన్నారు. కాకపోతే ఇక్కడ పెద్ద రాష్ట్రానికీ ఇద్దరే, చిన్న రాష్ట్రానికీ ఇద్దరేనంటే కాసేపు ఒప్పుకోలేదు.

థింద్ కథ విన్నాక చాలాసేపు ఏమీ అనలేదు. "సైన్యంలో చేసినా ఇవ్వలేదా?" అని మాత్రం అడిగారు. 1936లో, యుద్ధంలో చేసినవాళ్ల కోసం తెచ్చిన చట్టం కింద చివరికి ఇచ్చారని చదివి వినిపించాను.

ఇప్పుడు రాత్రికి ఒక్క వీడియోనే. అమ్మాయి పక్కన కూర్చుంటోంది, ఆపే పని దానిది. నిన్న సుప్రీంకోర్టు వీడియోలో అది ఆపకముందే ఆయనే వేలు పెట్టి ఆపి, "తొమ్మిదిమందే ఎందుకు తల్లీ? రాజ్యాంగంలో ఉందా?" అన్నారు. దానికి తెలియదు. ఇద్దరూ వెతికారు. రాజ్యాంగంలో సంఖ్యే లేదట, 1789లో ఆరుగురితో మొదలై 1869లో కాంగ్రెస్ చట్టంతో తొమ్మిది దగ్గర ఆగిందట. అమ్మాయి అది నోట్సులో రాసుకుంది. స్పీడు మాత్రం ఇప్పుడు మామూలుగానే పెడుతోంది.

ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు. అమెరికా తొలి పదమూడు వలస రాజ్యాల గురించి ఇలాంటి కథ ఏదైనా ఉంటే చెప్పండి, ఆ పేర్ల దగ్గర తాతామనవరాళ్లిద్దరూ ఆగిపోయారు.