నల్లరేగడి నేలలో పెరటి అరుగు: కింద ఏం వేయాలి, పైన ఏ రాయి పరవాలి?

పెరటి_ఒంగోలు
మాది ఒంగోలు. ఇంటి వెనక పడమటి పక్క 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది. సాయంత్రం పూట నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చునేట్టు బండలు పరిపించాలని ఉంది. నేల నల్లరేగడి, ఎండాకాలం బొటనవేలు దూరేంత నెర్రెలు విచ్చుద్ది. మేస్త్రి ఏమో రెండంగుళాల గ్రావెల్ చల్లి, రెండంగుళాల కాంక్రీటు పోసి, పాలిష్ కడప బండలు అతికిస్తే చాలంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఎంత తవ్వాలి? ఏ రాయి మేలు? ఇంటి లోపలి గచ్చుకీ పెరటి నేలకీ అడుగున్నర తేడా ఉంది. అరుగు అంచు వెంబడి మల్లె, కనకాంబరం వేయాలని ఇంట్లో వాళ్ల కోరిక.

కావలి_బేల్దారి
మీ మేస్త్రి చెప్పినట్టు వేస్తే ఒక్క వానాకాలం చాలు, విరుగుద్ది. నల్లరేగడి తడిస్తే పొంగుద్ది, ఎండితే కుంగుద్ది. ఇంటి పునాది లోతున ఉంటుంది కాబట్టి కదలదు. పైపైన పోసిన రెండంగుళాల కాంక్రీటు మట్టితో పాటే లేచి దిగుద్ది. మొదటి పగులు గోడ వెంబడే వస్తుంది.

15 అంగుళాలు తవ్వించండి. అందులో 12 అంగుళాలు ఎర్ర గ్రావెల్, దాని మీద 4 అంగుళాల బెడ్ కాంక్రీటు, ఒకటిన్నర అంగుళం మాలు (సిమెంటు, ఇసక కలిపిన ముద్ద), ఒకటిన్నర అంగుళం బండ. మొత్తం 19 అంగుళాలు. అంటే అరుగు చుట్టూ ఉన్న మట్టి కంటే 4 అంగుళాలు ఎత్తున నిలుస్తుంది, గచ్చుకి 14 అంగుళాలు కిందుంటుంది. మధ్యలో ఒక మెట్టు పెడితే ఏడు, ఏడు. ముసలివాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు.

చాలామంది గుంటలో ఇసక నింపుతారు, చవకని, సులువని. నల్లరేగడిలో అది పెద్ద పొరపాటు. చుట్టూ ఉన్న రేగడి నీటిని వదలదు, మధ్యలో ఇసక నీళ్లు పట్టి పెట్టిన తొట్టిలా తయారై కింద మట్టిని నెలల తరబడి నానబెడుద్ది. కొంచెం బంక ఉన్న ఎర్ర గ్రావెలే కావాలి. అది దిమ్మిస వేస్తే బిగుసుకుంటుంది, నీటిని తేలిగ్గా దిగనివ్వదు, తనంతట తాను పొంగదు. గుంట అడుగుని కూడా ఇంటి నుంచి బయటికి వాలేట్టు వాటంగా చెక్కించండి.

160 చదరపు అడుగులకి అడుగు మందం అంటే దిమ్మిస వేశాక 160 ఘనపుటడుగులు. వదులుగా 200 పైనే తోలించాలి. ట్రాక్టర్ తొట్టి కొలిచి లెక్క కట్టండి, లోడు లెక్కన మాట్లాడుకోవద్దు. ఆరేసి అంగుళాలు పోసి, తడిపి, రమ్మర్‌తో కొట్టించాలి. అడుగు మొత్తం ఒకేసారి పోసి పైన కొడితే కింద సగం గుల్లగానే ఉంటుంది. బెడ్ కాంక్రీటు 1:4:8 పాళ్లలో 40 ఎంఎం కంకరతో: సిమెంటు 5 బస్తాలు దాటుద్ది కాబట్టి 6 తెప్పించండి, ఇసక 25, కంకర 50 ఘనపుటడుగులు. బండల కింద మాలు 1:6లో సిమెంటు మూడు బస్తాలు, ఇసక 23 ఘనపుటడుగులు.

గోడకీ అరుగుకీ మధ్య అర అంగుళం సందు వదిలి థర్మోకోల్ పెట్టండి, చివర్లో పై అంగుళం తీసేసి సీలెంట్ నింపండి. పొడవులో 8 అడుగుల దగ్గర ఇంకో సందు. అది కాంక్రీటులోనూ, బండల్లోనూ ఒకే గీతలో రావాలి. కింద సందు ఉండి పైన బండ అడ్డంగా పడితే ఆ బండే చీలుద్ది.

ఒక మాట ముందే చెప్పాలి. రేగడి కదలిక కొన్ని అడుగుల లోతు దాకా ఉంటుంది. అడుగు గ్రావెల్‌తో తగ్గుద్ది గానీ పూర్తిగా పోదు.

నెల్లూరు_పేవర్
చివరి మాట నిజం, అందుకే నేను కాంక్రీటు మీద బండలు వద్దంటాను. పోదని మీరే చెప్పే కదలిక మీద బిగుతుగా పోయడం ఎందుకు? గ్రావెల్ వరకు పై అన్న చెప్పిందే. దాని మీద 4 అంగుళాల వెట్‌మిక్స్ (రకరకాల సైజుల కంకర, రాతి పొడి నీళ్లతో కలిపింది), అంగుళంపావు ఇసక, 60 ఎంఎం ఇంటర్‌లాక్ బ్లాకులు. ఎక్కడన్నా కుంగితే నాలుగు బ్లాకులు ఊడదీసి, ఇసక సర్ది, మళ్లీ పెట్టుకోవచ్చు.

దీంట్లో చెడేది ఒక్కచోటే, అంచు. కర్బ్ రాయి (అంచున నిలబెట్టే రాయి) కాంక్రీటులో కూర్చోబెట్టకపోతే బ్లాకులు పక్కకి జరిగి సందులు తెరుచుకుంటాయి. ఇసక పరిచాక దాని మీద నడవద్దు, తొక్కిన చోటల్లా పల్లం పడుద్ది. బ్లాకులు పెట్టాక పలక కంపాక్టర్ (అదురుతూ అణిచే యంత్రం) తిప్పి, సన్న ఇసక సందుల్లోకి ఊడ్చి, మళ్లీ తిప్పాలి. చీమలు ఇసక పైకి తోస్తూనే ఉంటాయి, ఏడాదికోసారి ఊడ్చి నింపుకోవాల్సిందే.

కావలి_బేల్దారి
సందుల్లోంచి దిగే నీళ్ల సంగతి కూడా చెప్పాలి గదా. బ్లాకులు వేసినా వాటం తప్పదు: పది అడుగులకి రెండంగుళాలు. నున్నటి రాయికి ఒకటిన్నర చాలు. డాబా మీద నుంచి వచ్చే పైపు అరుగు మీదకి వదలొద్దు, దాన్ని విడిగా వీధి కాలవకి కలపండి. ఇంకుడు గుంత రేగడిలో పనిచేయదు, నీళ్లు నిలిచి పునాది పక్కనే నానుద్ది. కొత్తపట్నం వైపు ఇసక నేలల్లో అయితే బ్రహ్మాండంగా ఇంకుద్ది, అది వేరే లెక్క.

అన్నిటికంటే మల్లె పాదు ప్రమాదం. రోజూ నీళ్లు పోసే అంచు పొంగి, ఎండిన రెండో అంచు కుంగితే అరుగు ఒక పక్కకి ఎత్తుద్ది. మొక్కలు మూడడుగులు దూరంగా పెట్టండి. లేదంటే కుండీల్లో.

పెరటి_ఒంగోలు
మల్లె కుండీల్లోకి మార్చేస్తాం. బ్లాకులు ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, బండలే. మేలో మొదలుపెట్టొచ్చా? రాయి ఏది?

రాతి_లెక్క
మేలో వద్దు. అప్పుడు మట్టి పూర్తిగా కుంగి ఉంటుంది, అక్టోబరు వానలకి పొంగి మొత్తాన్ని లేపుద్ది. వానలు వెనకబట్టాక, మట్టి తడిగానూ ఎండిగానూ కాకుండా ఉండే జనవరి, ఫిబ్రవరి మంచివి. కాంక్రీటుకి మడులు కట్టి ఏడు రోజులు నీళ్లు నిలపడం కూడా అప్పుడు తేలిక.

రాయి విషయం. పాలిష్ కడప బండ పడమటెండకి కాలు పెట్టనివ్వదు, తడిస్తే జారుద్ది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుకీ అవే రెండు గుణాలు. దాంట్లో బంగారు చుక్కలు మెరిసేది పాలిష్ ఉంటేనే, మంట పట్టించి గరుకు చేస్తే ఆ అందం పోతుంది. ముక్కలు చవగ్గా దొరికితే కూర్చునే గట్టు పైన పరవండి, నేలకి వద్దు. మార్కాపురం పలక రంగు బాగుంటుంది గానీ పొరలు పొరలుగా లేస్తుంది, కుర్చీ కాళ్లు లాగే చోట అంచులు పెచ్చులూడతాయి. గోడకి సరి. మీకు నప్పేది లేతరంగు బేతంచర్ల బండ, పైన నున్న చేయనిది, ఒకటిన్నర అంగుళం మందం. తరుగుకి పది శాతం కలిపి 176 చదరపు అడుగులు తీసుకోండి.

పరిచేటప్పుడు నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి బండ దించుతుంటారు, పని తొందరగా అవుద్దని. దగ్గరుండి చూసుకోండి. మాలు నిండా పరిచి, వెనక సిమెంటు పాలు పూసి, రబ్బరు సుత్తితో కొట్టి దించాలి. మర్నాడు నాణెంతో తట్టితే గుల్ల శబ్దం వచ్చిన బండ ఊడదీయించండి. మొహమాటపడితే గ్యాస్ సిలిండర్ దొర్లించిన రోజు అది రెండు ముక్కలు. బేతంచర్ల, కడప రెండూ సున్నపురాళ్లే, కాబట్టి మరకలు పోవడానికి యాసిడ్ పోయనివ్వద్దు, రాయినే తినేస్తుంది. పాయింటింగ్ (బండల సందుల్లో నింపిన సిమెంటు) పచ్చిగా ఉన్నప్పుడే గోనెపట్టాతో తుడిపించాలి. ఉప్పు బోరు నీళ్లతో మాలు కలిపితే సందుల వెంట తెల్లగా పూస్తూనే ఉంటుంది. ట్యాంకరు నీళ్లు తెప్పించుకోండి.

నెల్లూరు_పేవర్
పడమర కదా, నీడ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి, స్తంభాల గుంటలు బండలకంటే ముందు పడాలి. రెండంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, నాలుగడుగుల లోతు గుంటలో కాంక్రీటు. పైపు చుట్టూ అరుగు కాంక్రీటు తగలకుండా అర అంగుళం సందు. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ జింక్ ప్రైమర్ పూయకపోతే ఉప్పుగాలికి ముందు అతుకులే తుప్పుపడతాయి. పడమటి వైపు చూరు ఏడడుగులకి దించితే నాలుగింటి ఎండ కొంత ఆగుద్ది. రేకు కంటే తాటాకు చల్లన, కాకపోతే రెండు మూడేళ్లకి మార్చాలి. గ్రీన్ నెట్ కడితే అక్టోబరు మొదట్లోనే విప్పేయండి, తుపాను గాలికి నెట్ చిరగదు, పైపులే వంగుతాయి.