ఇంటి భోజనం దగ్గర ఎర్ర వైన్లను పోల్చడం సబబేనా?

నాగావళి తీరం, శ్రీకాకుళం:
సంక్రాంతికి ఇంటికి చేరిన అన్నదమ్ములం, వదినలు, బావగారు అందరం రాత్రి భోజనం దగ్గర ఫ్రాన్స్‌లోని బోర్డో, ఆస్ట్రేలియాలోని బరోసా లోయ షిరాజ్ (షిరాజ్ ఒక నల్లద్రాక్ష రకం), మన నాసిక్ షిరాజ్ పక్కపక్కన పెట్టుకుని రుచి చూశాము. చేపల పులుసుతో బోర్డో ఎవరికీ రుచించలేదు. మూడింటిలో ఖరీదైనదీ అదే. భోజనం మధ్యలో ఇచ్చిన ఆ తీర్పును ఆయా ప్రాంతాల మీద తీర్పుగా తీసుకోవచ్చునా?

కోటగుమ్మం, విజయనగరం:
తీసుకోకూడదని నా నిశ్చితాభిప్రాయం. బోర్డోలో గిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున తయారయ్యే వైన్లకు కాబెర్నే సావిన్యోన్ ప్రధానమైన ద్రాక్ష. దాని తొక్కల నుంచీ గింజల నుంచీ దిగే టానిన్ నోటిని వగరుగా పట్టేస్తుంది, మిరపకారం తగిలిన నోటికి ఆ వగరు మరింత గరుకుగా తోస్తుంది. దానికి తోడు, ఎర్ర వైన్‌లోని ఇనుము వల్ల చేపతో కలిసినప్పుడు నీచు వాసన తేలుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. మీ ఇంట్లో తేలింది ఆ జత కుదరలేదన్న సంగతి మాత్రమే. పోల్చదలచినవారు అన్నానికి ముందే రుచి చూడాలి.

పలాస వాసి:
కోటగుమ్మం గారు చెప్పిన శాస్త్రం సరైనదే. అయితే మనం వైన్ తెచ్చుకునేది కూరతో తాగడానికే అయినప్పుడు, కూరకు దూరంగా వేసిన మార్కులు మన ఇళ్లలో ఎవరికి పనికివస్తాయి? మార్చవలసింది వంటకాన్ని. జీడిపప్పు ముద్ద వేసి, కారం తగ్గించి వండిన కోడికూరలోని కొవ్వు, మాంసకృత్తులు టానిన్‌ను మెత్తబరుస్తాయి. అక్కడ బోర్డో నిలబడుతుంది. బరోసాలో ఎండకు బాగా పండే ద్రాక్ష వల్ల ఆల్కహాల్ 14 శాతం దాటడం మామూలు, ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది కనుక, మన కారాలకు అన్నింటికంటే తగనిది అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలన్న మాట చలిదేశపు ఇళ్లను బట్టి పుట్టింది. 16 నుంచి 18 డిగ్రీలు దానికి తగినవి. మన దగ్గర సీసాను అరగంట ఫ్రిజ్‌లో ఉంచకపోతే ఆల్కహాల్ ఘాటే ముందుకు వస్తుంది.

కోటగుమ్మం, విజయనగరం:
వేడి సంగతి ఒప్పుకుంటున్నాను. వంటకం మార్చినా కోడికూరకు ఏది కుదురుతుందో తెలుస్తుందే తప్ప ప్రాంతం గుణం తెలియదు. నాగావళి తీరం గారూ, ఈసారి సీసాలకు కాగితం చుట్టి, ధర ఎవరికీ చెప్పకుండా, భోజనానికి ముందు ఒకసారి, కోడికూరతో మరొకసారి మార్కులు వేయించి, రెండు పట్టికలూ ఇక్కడ పెట్టండి.